మూడు జపమాలల దూరం

చింతూరు సంతలో ఎవరైనా "సిస్టర్!" అని కేకేస్తే ఇద్దరం వెనక్కి తిరిగేవాళ్లం. ఒకరు నేను, సర్కారు ఏఎన్‌ఎమ్‌ని. రెండో ఆమె బూడిదరంగు చీరలో, మెడలో సిలువతో, పుచ్చు వంకాయలు ఏరి పక్కన పెడుతూ బేరమాడుతున్న కేరళ మఠకన్య. పిలిచినవాళ్లకు కావలసింది జ్వరం బిళ్ల అయితే ఏ సిస్టరైనా ఒకటే. పేచీ మా ఇద్దరికే.

"మీ వల్ల నా పేరు పోయింది సిస్టర్‌గారూ" అనేదాన్ని.

"కాదు నర్సమ్మా, మా పేరే మీవాళ్లు ఎత్తుకుపోయారు" అనేవారు.

అది నిజమేనని తర్వాత తెలిసింది. యూరప్‌లో ఆసుపత్రులు చాలాకాలం మఠకన్యల చేతుల్లోనే నడిచాయి. రోగి మంచం పక్కన నిలబడేది వాళ్లే కాబట్టి, ఆ పిలుపు మఠం గడప దాటి జీతానికి పనిచేసే నర్సులకు కూడా అంటుకుంది.

నేను ఉద్యోగంలో చేరింది 1986లో. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు లేచింది. వరద వదిలిన బురద ఆరకముందే నాకు శబరి ఒడ్డున సబ్‌సెంటర్ ఇచ్చారు. అప్పుడు చింతూరు ఖమ్మం జిల్లాలో ఉండేది. సిస్టర్‌గారి డిస్పెన్సరీ రెండు గదుల పెంకుటిల్లు. గోడకు నీలం ముసుగు కప్పుకున్న మరియమ్మ పటం, దాని కింద బల్ల, బల్లమీద రిజిస్టరు. రిజిస్టరు అట్టమీద ఆమె పేరు, పేరు చివర డాక్టర్ల డిగ్రీల్లాగా మూడు ఇంగ్లీషు అక్షరాలు.

"ఏం చదువు సిస్టర్‌గారూ ఇది?" అని అడిగాను.

"చదువు కాదమ్మా, ఇంటిపేరు."

ఒకే అమ్మ, వేరువేరు ఇంటిపేర్లు

మఠకన్యలందరూ ఒకే ఆఫీసు కింద పనిచేస్తారని అనుకునేదాన్ని. మాకు డీఎమ్‌హెచ్‌వో ఉన్నట్టే వాళ్లకూ ఒక పెద్దసారు ఉంటాడనీ, బదిలీలన్నీ ఆయనే వేస్తాడనీ నా లెక్క. ఆ లెక్క తప్పు. క్యాథలిక్కుల్లో రెండు రకాల ఏర్పాట్లు పక్కపక్కనే నడుస్తాయి. మొదటిది మేత్రాసనం. అది రెవెన్యూ జిల్లాలాంటిది. దానికి హద్దులుంటాయి, విచారణలని పిలిచే చర్చి పరిధులుంటాయి, పైన పీఠాధిపతి ఉంటారు. వరంగల్ మేత్రాసనం 1952లో వచ్చింది, దాన్ని విడదీసి 1988లో ఖమ్మం మేత్రాసనం చేశారు. రెండోది సభ. సిస్టర్‌గారి పేరు చివరి మూడక్షరాలు దానివే. దానికి హద్దులుండవు. అది వంశంలాంటిది. ఎక్కడో ఒక దేశంలో, ఏదో ఒక కష్టకాలంలో, ఎవరో ఒక మనిషి మొదలుపెట్టి ఉంటారు. వాళ్ల కొమ్మలు గుంటూరులోనూ ఉంటాయి, ఆఫ్రికాలోనూ ఉంటాయి.

ఆ వంశంలో పుట్టరు, చేరతారు. కొన్నేళ్ల శిక్షణ తర్వాత ప్రథమ మాటపట్టు, ఇంకొన్నేళ్లకు నిత్య మాటపట్టు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటలిస్తారు. పేదరికమంటే, టీచరు ఉద్యోగం చేసినా జీతం సభ ఖాతాకే పోతుంది. విధేయతంటే, చింతూరు నుంచి రేపు చిత్తూరు పొమ్మంటే పెట్టె సర్దుకోవడం. "మీ బదిలీకి కనీసం ఎమ్మెల్యే దగ్గరికైనా పోవచ్చు, మాకు అదీ లేదు" అని నవ్వేవారు.

ఈ సభల్లో చాలావాటి పేర్లలో మరియమ్మ ఉంటుంది. పాతవాటిలో ఒకటి కార్మెల్ సభ. పాలస్తీనాలోని కార్మెల్ కొండమీద గుహల్లో తపస్సు చేసుకునే కొందరు తమ మధ్య మరియమ్మ పేరిట చిన్న గుడి కట్టుకున్నారు. 13వ శతాబ్దం మొదట్లో వాళ్లకు ఒక నియమావళి వచ్చింది. ఆ కొండ పేరు కేరళకు చేరి, 1831లో మాన్నానంలో మన దేశపు సభ పుట్టింది. ముగ్గురు గురువులు, అంటే ఫాదర్లు, పునాది వేసిన ఆ సభ పేరు కార్మెలైట్స్ ఆఫ్ మేరీ ఇమ్మాక్యులేట్, అంటే నిష్కళంక మరియమాత కార్మెల్ సభ. ఆ ముగ్గురిలో ఒకరైన కురియకోస్ ఎలియాస్ చావరను 2014లో పునీతుడిగా ప్రకటించారు. మా చింతూరుకు అటువైపు అడవి దాటితే సుక్మా, అక్కడినుంచి బస్తర్. ఆ భాగమంతా 1972లో ఏర్పడ్డ జగదల్‌పూర్ మేత్రాసనం కిందికి వస్తుంది, దాన్ని ఈ కార్మెల్ సభకే అప్పగించారు. ఇటు తెలుగు, అటు హిందీ, మధ్యలో కోయ, గోండి. బోర్డుల మీద మాత్రం రెండువైపులా అదే అమ్మ.

మరో పేరు వింటే మన దక్షిణాదివాళ్లకు కాస్త గర్వంగా ఉంటుంది. ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ అనే అంతర్జాతీయ సభ పుట్టింది రోములోనో పారిస్‌లోనో కాదు, ఊటీలో. ఫ్రాన్సు నుంచి 1865లో మధురై ప్రాంతానికి వచ్చిన ఎలెన్ ద షప్పొటాన్ అనే మఠకన్య, తన సభలో వచ్చిన విభేదాల వల్ల తోటివాళ్లతో బయటికి వచ్చి ఊటీ చేరింది. 1877 జనవరి 6న రోము అనుమతితో కొత్త సభ మొదలైంది. ఆమె మఠం పేరు మేరీ ఆఫ్ ద పాషన్. 1962లో విజయవాడలో మేరిస్ స్టెల్లా కాలేజీ పెట్టింది ఆ సభవాళ్లే. మద్రాసు స్టెల్లా మేరిస్ కూడా వాళ్లదే. రెండు పేర్లకూ అర్థం ఒకటే, సముద్రపు నక్షత్రం. దారి తప్పిన పడవకు దిక్కు చూపే చుక్క అని మరియమ్మకు పాత బిరుదు. మా మేనకోడలు ఆ కాలేజీల్లో ఒకదాంట్లో మూడేళ్లు చదివి కూడా స్టెల్లా అంటే ఎవరో దాత పేరనుకుంది.

అప్పటినుంచి నాకు బోర్డులు చదివే పిచ్చి పట్టుకుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వచ్చే బస్సులో కిటికీ పక్కన కూచుని ఎక్కడ చర్చి స్కూలు కనిపించినా పేరు చూసేదాన్ని. 'నిర్మల' అని ఉంటే పాపం అంటని మరియమ్మ. 'నిర్మల హృదయ' అంటే ఆమె హృదయం. 'లూర్దు', 'ఫాతిమా' అంటే ఆమె దర్శనమిచ్చిందని క్యాథలిక్కులు నమ్మే ఫ్రాన్సు, పోర్చుగల్ ఊళ్లు. 'రోజరీ' అంటే జపమాల. మన శ్రీలక్ష్మి, విజయలక్ష్మి, ధనలక్ష్మిలాగే. దేవత ఒకరే, పేరునుబట్టి భక్తుడు ఏం కోరుకుంటున్నాడో తెలుస్తుంది.

నేనలా పోల్చితే సిస్టర్‌గారు ఊరుకునేవారు కాదు. "మరియమ్మ దేవత కాదు. ఆరాధన దేవునికి ఒక్కడికే. అమ్మకు వందనం పెట్టి, మా కోసం ప్రార్థించమని అడుగుతాం, అంతే" అని దిద్దేవారు. క్రైస్తవులందరూ అలా కాదు. భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో ఆంగ్లికన్ మిషనరీలు 19వ శతాబ్దంలోనే కోయల మధ్య పని మొదలుపెట్టారు. వాళ్ల దారిలో నడిచిన చర్చిల్లో మరియమ్మ విగ్రహం ఉండదు. బయటివాళ్లకు అందరూ కిరస్తానీలే. గుమ్మంలో నీలం ముసుగు కనిపిస్తే ఇది వేరే ఇల్లని తెలుస్తుంది.

కొండల మీదుగా పోయిన అమ్మ

ఇన్ని సభలు ఎందుకు? అందరూ ఒకే మరియమ్మ పేరు పెట్టుకున్నప్పుడు ఒకే సభ సరిపోదా? ఈ ప్రశ్నకు సిస్టర్‌గారు ఒక కథతో జవాబు చెప్పారు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. కడుపుతో ఉన్న మరియమ్మ, తనకంటే ముందు నెల తప్పిన పెద్ద వయసు చుట్టం ఎలిజబెతమ్మను చూడ్డానికి కొండసీమకు త్వరత్వరగా వెళ్లింది. సుమారు మూడు నెలలు అక్కడే ఉంది.

"ఎందుకు పోయిందంటావ్ నర్సమ్మా?"

"ఇంకెందుకు, పురిటి సాయానికి."

"అదీ! బైబిలు పండితులు పేజీలకు పేజీలు రాస్తారు. నువ్వు ఒక్క ముక్కలో చెప్పావ్."

ఆమె చెప్పిన కిటుకు ఇది. ఒక్కో సభ మరియమ్మ జీవితంలో ఒక్కో ఘట్టాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో బిడ్డను పెంచిన మరియమ్మను పట్టుకున్నవాళ్లు బళ్లు పెడతారు. సిలువ కింద నిలబడ్డ మరియమ్మను పట్టుకున్నవాళ్లు చావుకు దగ్గరైనవాళ్ల పక్కన కూచుంటారు. కొండలెక్కిన మరియమ్మను పట్టుకున్నవాళ్లు మాలాంటి ఊళ్లకు వస్తారు. బోర్డుమీద పేరు భక్తికోసం పెట్టిందే అయినా, దాని వెనక ఎప్పుడూ ఒక పని ఉంటుంది. 1844లో పుదుచ్చేరిలో ద్యుపుయి అనే ఫ్రెంచి గురువు మరియమ్మ నిర్మల హృదయం పేరిట సభ పెట్టింది, ఆడపిల్లలకు బడి ఎందుకని అడిగే కాలంలో వాళ్లకు చదువు చెప్పడానికే.

ఆశ్చర్యమేమిటంటే, కొండలెక్కి పురుడు పోసే పని మాత్రం మఠకన్యలకు చాలాకాలం కుదరలేదు. కాన్పు చేయడం బ్రహ్మచర్య వ్రతానికి తగదని చర్చి నియమాలు అడ్డుపడేవి. మందులివ్వొచ్చు, పుండు కడగొచ్చు, పురిటి గదిలోకి మాత్రం పోకూడదు. నేనైతే ఇది వినగానే, "మరి మీ మరియమ్మ పోయిందిగా?" అన్నాను.

ఆ తలుపు తెరవడంలో మన గుంటూరుకు పెద్ద వాటా ఉంది. జీసస్ మేరీ జోసఫ్ సభ, అందరూ జేఎమ్‌జే అనేది, 1822లో నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్‌లో మాథియస్ వోల్ఫ్ అనే యేసుసభ గురువు మొదలుపెట్టినది. 1904లో ఆ సభ మఠకన్యలు గుంటూరు వచ్చారు. 1920లో వాళ్లతో చేరడానికి ఆస్ట్రేలియా నుంచి ఒక డాక్టరమ్మ ఓడెక్కింది. పేరు మేరీ గ్లౌరీ. పుట్టింది 1887లో, మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి కళ్ల డాక్టరుగా స్థిరపడ్డ మనిషి. స్కాట్లండుకు చెందిన ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే డాక్టరమ్మ గురించి ఒక చిన్న పుస్తకం చదివింది. మగ డాక్టరు ముందుకు రాలేక భారతదేశంలో ఆడవాళ్లు ఎలా చనిపోతున్నారో అందులో ఉంది. అంతే, ప్రాక్టీసు వదిలేసింది. మఠకన్యగా ఉంటూనే వైద్యం చేయడానికి పోప్ బెనెడిక్ట్ 15 ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. గుంటూరులో చిన్న డిస్పెన్సరీతో మొదలుపెట్టి, ఊరి ఆడపిల్లలకు నర్సింగూ మంత్రసానితనమూ నేర్పింది. ఆ పని సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది.

ఒకరికిచ్చిన మినహాయింపు అందరికీ దక్కింది 1936లో. మఠకన్యలు పూర్తి వైద్యం చదవొచ్చు, పురుళ్లు పోయొచ్చు అని రోము ఆదేశం ఇచ్చింది. తేదీ ఫిబ్రవరి 11. లూర్దు మాత పండగ, మన గుణదల తిరునాళ్ల రోజు. అదే ఏడాది డిసెంబరు 8న, అమలోద్భవి, అంటే పాపం అంటని మరియమ్మ, పండగనాడు, ఇటలీలోని మిలాన్‌లో మిషనరీస్ ఆఫ్ ద ఇమ్మాక్యులేట్ అనే సభ మొదలైంది. 1948లో వాళ్లూ మన దేశం వచ్చారు. ఇక మేరీ గ్లౌరీ 1943లో మరికొందరు మఠకన్యలను కూడగట్టి క్యాథలిక్ ఆసుపత్రులకు ఒక సంఘం పెట్టింది. దాని కేంద్ర కార్యాలయం ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది. ఆమె 1957లో కన్నుమూసింది. సర్కారు నర్సుగా నాకు ట్రైనింగులో ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి చెప్పారు కానీ, గుంటూరు డాక్టరమ్మ గురించి ఒక్కరూ చెప్పలేదు.

మూడు గడియారాలు

ఇప్పుడు నేను కళ్లారా చూసింది చెబుతాను. శ్రావణమాసం, రాత్రి పది దాటింది. వాగు అవతలి గూడెం నుంచి కబురొచ్చింది, తొలిచూలు పిల్లకు నొప్పులని. ఆ ఏడు మా పై ఆఫీసు నుంచి మూడు నెలలుగా కాన్పు కిట్లు రాలేదు. నా దగ్గర ఒక బ్లేడు, దారపుండ, డెట్టాల్ సీసా ఉన్నాయి. డిస్పెన్సరీ తలుపు తట్టాను. సిస్టర్‌గారు కిట్టు సంచి, లాంతరు తీసుకుని వచ్చారు.

"ఎంత దూరం ఉంటుంది?" అన్నాను.

"మూడు జపమాలలు."

జపమాలకు యాభై తొమ్మిది పూసలు. ఒక్కో పూసకు ఒక్కో జపం. పది మంగళవార్త జపాలకు ముందు ఒక పరలోక జపం, అలా ఐదు పదులు. అన్నీ చెప్పుకుంటూ నడిస్తే ఇరవై నిమిషాలు పడుతుంది, మైలు దూరం తెగుతుంది. మూడు జపమాలలంటే గంట నడక, మూడు మైళ్లు. వాగులో నడుముదాకా నీళ్లు. నా హెచ్‌ఎమ్‌టీ వాచీలోకి నీళ్లుపోయి పదకొండూ పదికి ఆగిపోయింది.

గుడిసెలో ఒక ముసలమ్మ అప్పటికే కూచుని ఉంది. ఆ గూడెంలో సగంమందికి బొడ్డు కోసింది ఆవిడే. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుని చుట్ట వెలిగించింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం ఎంతుందో తెలియాలి, నా వాచీ చచ్చింది. సిస్టర్‌గారు ఒక చేయి పిల్ల పొట్టమీద వేసి, రెండో చేత్తో నడుముకున్న జపమాల తీశారు. పెదాలు కదులుతున్నాయి, బొటనవేలు పూసల్ని నెడుతోంది. నొప్పి రాగానే ఆపి, "రెండు పదులు" అన్నారు. అంటే సుమారు ఏడెనిమిది నిమిషాలు. తర్వాత "పదిహేను పూసలు". ఆ తర్వాత "ఒక పది". తూర్పున వెలుతురు వచ్చేసరికి "ఆరు పూసలు". ముసలమ్మ అదంతా చూసి చూసి, తన చుట్ట వైపు చూపించి కోయలో ఏదో అంది. పిల్ల మేనత్త తెలుగులో చెప్పింది: "అవ్వకి ఆ పూసలెందుకో తెలిసింది. నా చుట్ట సగం కాలేలోగా నాలుగుసార్లు వచ్చింది, ఇక కూచోబెట్టండి అంటోంది."

ముసలమ్మ లెక్క సిస్టర్‌గారి లెక్కతో సరిపోయింది. ఆగిపోయిన వాచీతో నేను మధ్యలో కూచున్నాను. ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కొయ్యడానికి సిస్టర్‌గారు కిట్టులోని కొత్త బ్లేడు తీసి ముసలమ్మ చేతికే ఇచ్చారు. "కత్తిని మార్చారు, మనిషిని మార్చలేదు" అని నాకు అనిపించింది. ఆ తర్వాత ఆ అవ్వ మా ఇద్దరికీ ముందుగా కబురు పంపేది.

మఠం బయటి మనుషులు

మఠంలో చేరనివాళ్లకు కూడా ఈ చుట్టరికంలో చోటుంది. కార్మెల్ సభతో అనుబంధానికి గుర్తుగా కొందరు గృహస్థులు మెడలో ఉత్తరీయం వేసుకుంటారు. పేరు పెద్దది కానీ అది రెండు చిన్న గోధుమరంగు ఉన్నిగుడ్డ ముక్కలు, మధ్యలో తాడు. ఒక ముక్క గుండెమీద, ఒకటి వీపుమీద. సిస్టర్‌గారి డిస్పెన్సరీ వంటమనిషి మెడలో చూసి తాయెత్తు అనుకున్నాను.

ఇంకొకటి మరియ సేన. ఇది 1921 సెప్టెంబరు 7న ఐర్లండులోని డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ అనే మామూలు గుమాస్తా మొదలుపెట్టినది. ఇప్పుడు చాలా విచారణల్లో ఉంది. వారానికొకసారి కూడతారు, రెండు గంటలపాటు ఇళ్లు తిరుగుతారు, రోగుల్నీ ఒంటరివాళ్లనీ పలకరిస్తారు. ఒక్కరే పోకూడదు, జంటగా పోవాలి. ఇంకో నియమం నాకు భలే నచ్చింది: సేన పేరుతో డబ్బు గాని, బియ్యం గాని ఇవ్వకూడదు. మాటసాయమే. వస్తువులిస్తే జనం మనిషికోసం కాక సంచికోసం చూస్తారని వాళ్ల జాగ్రత్త. మా శాఖలో పథకాలు పంచి పంచి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అన్నీ తేనెమాటలే చెబితే మీరు నమ్మరు. పట్నాల్లో కాన్వెంటు బడి అంటే ఫీజుల బడి అని పేరు పడింది. సీటు దొరకని తల్లిదండ్రుల కోపం నేనూ విన్నాను. పట్నం బడి ఫీజులతో అడవి హాస్టలు నడుస్తుందని సిస్టర్‌గారు అనేవారు. కొంత నిజమే కావచ్చు, కట్టేవాడికి మాత్రం బరువు బరువే. సేవ పేరుతో మతం మార్చడానికే వచ్చారని అన్నవాళ్లూ ఉన్నారు. ఒకరోజు నేనే మొహమ్మీద అడిగాను. ఆమె దాచలేదు. "ఎవరైనా వచ్చి అడిగితే సంతోషిస్తాను, అబద్ధం ఎందుకు? కానీ నొప్పులు పడేదాన్ని అడగను" అన్నారు. ఇరవై ఏళ్లలో నన్ను ప్రార్థనకు రమ్మని ఆమె పిలవలేదు. ప్రతి శ్రీరామనవమికీ భద్రాచలం నుంచి తలంబ్రాలు తెచ్చి నేనిస్తే రెండు చేతులా తీసుకుని రిజిస్టరు పక్కన పెట్టుకునేవారు.

కొట్టివేతలు లేని గడి

2014లో రాష్ట్రం విడిపోయాక, పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. నేను తెలంగాణవైపు వచ్చేసి 2017లో రిటైరయ్యాను. సిస్టర్‌గారికి అంతకుముందే బదిలీ అయింది. ఒక రేకుపెట్టె, ఒక గొడుగుతో బస్సెక్కారు. ఇప్పుడు ఆ డిస్పెన్సరీలో కాన్పులు లేవు. ఫోను చేస్తే 108 వస్తుంది, వాగుమీద వంతెన ఉంది. మఠకన్యలు ఆడపిల్లల హాస్టలు చూసుకుంటున్నారు.

కిందటేడు అటు పోయినప్పుడు అక్కడి కొత్త సిస్టరు బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి చూపించింది. హాస్టలు పిల్లల్లో కొందరి తల్లుల పుట్టుక అందులోనే ఉందట. పుట్టినతేదీ సర్టిఫికెట్లకోసం జనం వస్తుంటారు, అందుకే దాచారు. పేజీ పైన 'జిల్లా: ఖమ్మం' అని సిస్టర్‌గారి గుండ్రటి అక్షరాలు. దాన్ని 2014 తర్వాత ఎవరో కొట్టేసి 'తూర్పు గోదావరి' అని రాశారు. 1959కి ముందు ఈ తాలూకా ఉన్నది అందులోనే కదా, తిరిగి అక్కడికే పోయిందన్నమాట. 2022లో అదీ కొట్టేసి 'అల్లూరి సీతారామరాజు' అని రాశారు. ఒక్క గీత మీద మూడు జిల్లాలు.

ఆ రాత్రి పుట్టిన పిల్ల పేరు వెతికాను. తల్లి పేరు, బిడ్డ బరువు, ఊరి పేరు. పక్కన 'దూరం' అనే గడిలో ఒక చిన్న మాట: 'మూ.జ.'

కొత్త సిస్టరు ఎన్నాళ్లనుంచో ఆ అక్షరాలకు అర్థం వెతుకుతోందట. ఏదైనా మందు పేరేమో అనుకుందట. చెప్పాను. ఆమె నడుముకున్న జపమాలను ఒకసారి తడుముకుని, గడులన్నీ పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టింది. రెం.జ., ఒ.జ., నా.జ. ఆ వరసలో ఎక్కడా కొట్టివేత లేదు.